లోతు మంచులో గాడి తవ్వే బండి: రాకీస్ కోసం ఒక పాత స్నోమొబైల్‌ని మార్చిన కేసు

లోతు మంచులో స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే బండి, కూరుకుపోతోందని మా షాపుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ముందు పవర్ గురించే అడుగుతారు. పైపు (పొగ గొట్టం) మారుద్దామా, ఇంజన్‌లోకి గాలి ఎక్కువ తోసే టర్బో పెడదామా, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూని ట్యూన్ చేయిద్దామా అంటారు. నేను మాత్రం బండి వెనకాల మిగిలిన గాడి ఫోటో ఉంటే చూపించమంటాను. గాడి ఎంత లోతుంది, ఎక్కడ మొదలైంది, అడుగు చదునుగా ఉందా, వెనక్కి వాలి ఉందా అన్నది చూస్తే సగం రోగం అక్కడే తేలిపోతుంది. ఈ కేసులో ఇంజన్‌ మీద చెయ్యి వెయ్యకుండానే బండి తీరు మారింది. ఈ మధ్య డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ వైపు ఉన్న మనవాళ్ళు కొందరు సెకండ్ హ్యాండ్ బళ్ళు కొంటున్నారు. ఏ పని వల్ల ఎంత లాభం వచ్చిందో వాళ్ళకి తెలియాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

బండి ఎక్కడిది, ఎక్కడ నడవాలి

ఓనరు డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న తెలుగు కుర్రాడు. హెల్మెట్, బూట్లు, బ్యాగు అన్నీ కలిపితే వంద కిలోల పైనే తూగుతాడు. బండి 800 సీసీ టూ-స్ట్రోక్, రెండు సిలిండర్లు, ఫ్యూయల్ ఇంజెక్షన్. మిన్నెసోటాలో కొన్నాడు. అక్కడి నేల దాదాపు చదును, ట్రైల్ మీద మంచుని మిషన్లతో నొక్కి గట్టి చేసి ఉంచుతారు. అలాంటి చోట హాయిగా పరిగెత్తిన బండిని తెచ్చి స్టీమ్‌బోట్ స్ప్రింగ్స్ దగ్గర రాబిట్ ఇయర్స్ పాస్‌ మీద దింపాడు. ఆ కనుమ ఎత్తు 9,426 అడుగులు. అక్కడ పడేది పిండిలాంటి పొడి మంచు. మామూలు లెక్కలో పది అంగుళాల మంచు కరిగితే ఒక అంగుళం నీళ్ళొస్తాయంటారు. రాకీస్ కొండల్లో ఆ ఒక్క అంగుళం నీటికి పదిహేను అంగుళాల మంచు పట్టడం చాలా మామూలు. అంత తేలికైన మంచు బండి బరువుని మోయదు.

"అన్నా, మావాళ్ళ బళ్ళన్నీ పైకి పోతుంటే నాది అక్కడే చతికిలబడుతోంది. పైపు మార్చేద్దామా?" అన్నాడు.

"ముందు గాడి చూద్దాం తమ్ముడూ, పైపు సంగతి తర్వాత."

వచ్చినప్పుడు బండి కొలతలు ఇవి. ట్రాక్ వెడల్పు 15 అంగుళాలు, చుట్టుకొలత 144 అంగుళాలు, లగ్ ఎత్తు 2 అంగుళాలు, పిచ్ 2.52. ట్రాక్ అంటే బండి కింద తిరిగే రబ్బరు పట్టా. లగ్ అంటే దాని మీద నిలబడి ఉండే రబ్బరు పళ్ళు. పిచ్ అంటే ఒక వరస నుంచి ఇంకో వరసకి ఉన్న దూరం. ముందు స్కీల, అంటే హ్యాండిల్‌తో తిరిగే పలకల, మధ్య దూరం 42 అంగుళాలు. ఇవన్నీ లోతు మంచుకి కాక ట్రైల్‌కి దగ్గరైన కొలతలు.

మొదటి పరీక్ష

మంచు రోజుకో రకంగా ఉంటుంది. నిన్నటి గాడినీ ఇవాళ్టి గాడినీ పక్కపక్కన పెట్టి లాభం లేదు. అందుకని పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ షాపులో ఉన్న కొత్త మౌంటెన్ బండి ఒకటి వెంట తీసుకెళ్ళేవాణ్ణి. దాని ట్రాక్ 165 అంగుళాలు, లగ్ 3 అంగుళాలు. రెండు బళ్ళనీ ఎవరూ తొక్కని మంచులో పక్కపక్కన ఆపి, నిలిచిన చోటు నుంచి నెమ్మదిగా కదిలించి, తర్వాత ఫుల్ థ్రాటిల్ ఇచ్చి కొంతదూరం నడిపాం. ఎవలాంచ్ (మంచు చరియ) కింద చిక్కుకున్నవాళ్ళని వెతికే ప్రోబ్ అనే పొడుగు కర్ర మీద సెంటీమీటర్ల గీతలుంటాయి కాబట్టి గాడి లోతు కొలవడానికి అదే కర్ర వాడాం.

కొత్త బండి గాడి 30 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. మనవాడి బండిది 60 దాటింది. లోతు కంటే ఆకారం నాకు ఎక్కువ చెప్పింది. కొత్త బండి గాడి మొదట్లో కాస్త లోతుగా ఉండి, పోనుపోను పైకి తేలింది. ఈ బండిది మాత్రం పోనుపోను ఇంకా దిగిపోయింది. గాడి అడుగున ప్రోబ్‌తో గుచ్చితే పంచదార పలుకుల్లా విడివిడిగా ఉన్న పాత మంచు తగిలింది. సీజన్ మొదట్లో పడిన పలచటి పొర చలికి అలా పలుకులుగా మారిపోతుంది. దానికి పట్టు అన్నది ఉండదు. ట్రాక్ అందాకా దిగిందంటే ఇక అది తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు.

అదే పరుగులో టాకోమీటర్ కూడా చూశాం. ఈ ఇంజన్ పూర్తి బలం ఇచ్చేది 8,100 ఆర్‌పీఎం దగ్గర. ఫుల్ థ్రాటిల్‌లో ముల్లు 7,450 దాటలేదు. అంటే ఇందులో రెండు జబ్బులు కలిసి ఉన్నాయి: ఒకటి ఎత్తు వల్ల వచ్చింది, రెండోది ట్రాక్ మంచుని తాకే తీరు వల్ల వచ్చింది. రెండింటినీ ఒకేసారి మారిస్తే ఏది దేనివల్ల బాగుపడిందో తేలదు. ఖర్చు తక్కువ పని ముందు పెట్టుకున్నాం.

క్లచ్: ఇంజన్‌కి ఊపిరి

స్నోమొబైల్‌లో మనం మార్చుకునే గేర్లు ఉండవు. ఇంజన్ పక్కన ప్రైమరీ క్లచ్, దాని వెనక సెకండరీ క్లచ్, రెండింటినీ కలుపుతూ ఒక రబ్బరు బెల్ట్ ఉంటాయి. ప్రైమరీ లోపల మూడు చిన్న వెయిట్లుంటాయి. ఇంజన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి విసురుకుని క్లచ్ పలకని నొక్కుతాయి, బెల్ట్ పైకి ఎక్కుతుంది, బండి పెద్ద గేరులోకి పోయినట్టవుతుంది.

ఎత్తుకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకి సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. సముద్రమట్టం దగ్గర 150 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్ 9,400 అడుగుల మీద 110కి కాస్త అటూఇటూగా మిగులుతుంది. బలం తగ్గినా వెయిట్లు మాత్రం మిన్నెసోటావే, ఒక్కోటి 66 గ్రాములు. అంత బరువు వెయిట్లు ఇంజన్ పుంజుకోకముందే బెల్ట్‌ని పైకి తోసేస్తున్నాయి. పాపం ఇంజన్ పెద్ద గేరులో ఇరుక్కుని మూలుగుతోంది.

66 తీసి 60 గ్రాముల వెయిట్లు వేశాం. ఈ రకం క్లచ్‌లో ఒక్కో వెయిట్‌కి గ్రాము తగ్గితే సుమారు 100 ఆర్‌పీఎం పెరుగుతుందని మా పనిలో ఒక మోటు లెక్క ఉంది. ఇక్కడ ఆ లెక్క సరిగ్గానే కుదిరింది, ముల్లు 8,050కి వచ్చింది. ఎంగేజ్‌మెంట్, అంటే బండి కదలడం మొదలుపెట్టే ఆర్‌పీఎం, కాస్త ఎక్కువగా ఉందనిపించి ప్రైమరీ స్ప్రింగ్ కూడా మార్చాను. ఎంగేజ్‌మెంట్ ఎక్కువుంటే బండి ఒక్క కుదుపుతో కదులుతుంది. ఆ కుదుపుకే ట్రాక్ మొదటి గుంత తవ్వేసుకుంటుంది.

మళ్ళీ మంచులోకి వెళ్ళాం. ఇంజన్ గొంతు మారిపోయింది, థ్రాటిల్ నొక్కగానే పలుకుతోంది, కుర్రాడి మొహం వెలిగిపోయింది. కానీ గాడి కొలిస్తే కొత్త బండి గాడికీ దీనికీ తేడా అంతకుముందు కంటే ఎక్కువైంది. బలం పెరిగింది, ట్రాక్ ఇంకా జోరుగా తిరిగింది, ఇంకా తొందరగా కిందికి తవ్వింది. పైపు మార్చి ఉంటే జరిగేదీ ఇదే. ఈ కేసులో కుర్రాడికి నేను ముఖ్యంగా చూపించాలనుకున్నది ఆ కొలతే. మంచు మీదికి ఎక్కలేని ట్రాక్‌కి బలం ఇచ్చేకొద్దీ అది నేలకే దిగుతుంది.

ట్రాక్, దాని వాలు

వరి మడిలో దమ్ము చేసే ట్రాక్టరుకి మామూలు టైర్లు తీసేసి ఇనప దమ్ము చక్రాలు ఎందుకు వేస్తారో తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బరువు ఎక్కువ మేర పరుచుకోవాలి, పళ్ళు మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ట్రాక్‌ని 144 నుంచి 163 అంగుళాలకి పెంచాం. చుట్టుకొలతలో 19 అంగుళాలు పెరిగితే పైనా కిందా పంచుకుని కింద మంచుని తాకే పొడవు 9.5 అంగుళాలు పెరుగుతుంది. 15 అంగుళాల వెడల్పుకి అది 142 చదరపు అంగుళాల పైచిలుకు కొత్త ఆధారం. లగ్ ఎత్తు 2.5 తీసుకున్నాం.

174 అంగుళాల ట్రాక్, 3 అంగుళాల లగ్ ఎందుకు వెయ్యలేదని కుర్రాడే అడిగాడు. అంత పెద్ద ట్రాక్‌ని తిప్పడానికే ఈ పాత ఇంజన్ బలంలో మంచి భాగం అయిపోతుంది. పైగా అంత పొడుగు బండిని చెట్ల మధ్య తిప్పడానికి అనుభవం కావాలి. ఈ ఇంజన్‌కీ ఈ మనిషికీ 163 చాలు.

పిచ్ 2.52 నుంచి 2.86కి మారింది. పిచ్ పెరిగితే పళ్ళ వరసల మధ్య ఖాళీ పెరిగి, పొడి మంచు ఆ ఖాళీలో నిండి పలకలా గట్టిపడి పట్టు ఇస్తుంది. పిచ్ మారితే డ్రైవర్లు, అంటే ట్రాక్‌ని లోపలి నుంచి తిప్పే పళ్ళ చక్రాలు, మార్చక తప్పదు. పాతవి 8 పళ్ళవి: 8 × 2.52 అంటే ఒక చుట్టుకి 20.16 అంగుళాలు. కొత్తవి 7 పళ్ళవి వేశాం: 7 × 2.86 అంటే 20.02. చుట్టు దాదాపు అంతే ఉంది కాబట్టి గేరింగ్ లెక్క చెదరలేదు, డ్రైవర్ సైజు పెరగలేదు. పళ్ళు తగ్గితే గట్టిగా లాగినప్పుడు ట్రాక్ జారి టకటకమని ఎగిరే ప్రమాదం ఉంది. అందుకని ట్రాక్‌లో కిటికీల్లా ఉండే కంతల్లోకి కూడా పళ్ళు దూరే రకం ఎక్స్‌ట్రోవర్ట్ డ్రైవర్లు ఎంచుకున్నాం.

అసలు మార్పు మాత్రం తర్వాతిదే. డ్రైవర్ దగ్గర నుంచి కింద రైలు (ట్రాక్‌ని లోపలి నుంచి మంచుకి నొక్కి ఉంచే పొడుగు లోహపు పట్టీ) మొదటి వంపు వరకు ట్రాక్ ఏటవాలుగా దిగుతుంది. ఆ వాలుని కొలిస్తే 28 డిగ్రీలు వచ్చింది. అంత నిటారుగా వచ్చే ట్రాక్ ఎదురొచ్చిన మంచుని కిందికి నొక్కి మీదికి ఎక్కే బదులు గోడలాగా ముందుకి నెట్టి, దాన్ని తవ్వి వెనక్కి పారబోస్తుంది. వాలు తగ్గాలంటే డ్రైవర్లు బిగించి ఉండే డ్రైవ్ షాఫ్ట్‌ని కిందికీ కాస్త ముందుకీ జరపాలి. దీన్ని మా వాళ్ళు డ్రాప్ అండ్ రోల్ అంటారు. క్లచ్ నుంచి షాఫ్ట్‌కి బలం చేర్చే చైను, పళ్ళ చక్రాలు ఉండే పెట్టె, అంటే చైన్‌కేస్, మార్చి, ట్రాక్ మీద కప్పులా ఉండే టన్నెల్ పక్క గోడల్లో కొత్త రంధ్రాలు వేసి, చుట్టూ అల్యూమినియం పలకలతో బిగించి రివెట్లు కొట్టాలి. రెండు పక్కలా షాఫ్ట్ కొలత ఒక్కలాగే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ట్రాక్ ఒక పక్కకి లాగి, రైలు అడుగున ట్రాక్ జారడానికి ఉండే స్లైడర్ ప్లాస్టిక్‌ని తినేస్తుంది. మొత్తం పనిలో ఎక్కువ టైమ్ తీసుకున్నది ఇదే, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిందీ ఇదే. టన్నెల్‌ని ఒకసారి కోశాక వెనక్కి పోలేం.

షాఫ్ట్ కిందికి దిగడం వల్ల ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. లగ్ అర అంగుళం పెరిగింది కాబట్టి టన్నెల్ పైకప్పుకి తగలకుండా అర అంగుళం అదనంగా కావాలి, అది దొరికింది. ఇంజన్‌ని చల్లబరిచే కూలర్, అంటే ముందున్న హీట్ ఎక్స్‌ఛేంజర్, దగ్గర మాత్రం ఖాళీ బిగుతుగా వచ్చింది. వేగంగా తిరిగేటప్పుడు ట్రాక్ బయటికి ఉబ్బుతుంది. నిలిచి ఉన్నప్పుడు తగలట్లేదు కదా అని వదిలేస్తే, నడిచేటప్పుడు లగ్గులు కూలర్‌ని గీకి చిల్లు పెడతాయి. అందుకే కూలర్‌ని కొంచెం వెనక్కి నొక్కి, వేళ్ళు దూరేంత ఖాళీ చూసుకున్నాకే షాఫ్ట్ బిగించాను.

వెనక రైళ్ళకి అతుకు ముక్కలు వెయ్యకుండా ఒకే పొడవున్న కొత్త రైళ్ళు తీసుకున్నాం. అతుకు చవకే, కానీ కొండ మీద నుంచి దూకి పడ్డప్పుడు వంగేది అక్కడే. టన్నెల్‌ని కూడా వెనక పొడిగించాం, లేకపోతే పెరిగిన ట్రాక్ విసిరే మంచంతా వెనకొచ్చేవాళ్ళ మొహాన పడుతుంది. అన్నీ బిగించి మళ్ళీ కొలిస్తే వాలు 21 డిగ్రీలకి వచ్చింది.

సస్పెన్షన్, స్కీలు, మిగతావి

వెనక సస్పెన్షన్ ముందు భాగాన్ని పట్టి ఉంచే లిమిటర్ స్ట్రాప్ అనే పట్టీ ఉంటుంది. దాన్ని ఒక రంధ్రం బిగించాం. బిగిస్తే రైళ్ళ ముందు భాగం పైకి లేచి వాలు ఇంకాస్త తగ్గుతుంది, ఎక్కేటప్పుడు స్కీలు గాల్లోకి లేవకుండా ఉంటాయి. మరీ బిగిస్తే స్టీరింగ్ బండరాయిలా అవుతుంది, కాబట్టి ఒక్క రంధ్రంతో ఆపాం. మధ్య షాక్ స్ప్రింగ్ కూడా కొద్దిగా వదులు చేశాం. అది బిగుసుగా ఉంటే బరువంతా ట్రాక్ మధ్యలో పడి అక్కడే దిగబడుతుంది.

స్కీలు వెడల్పైనవి వేశాం, 7 అంగుళాలవి. స్కీల మధ్య దూరం 42 నుంచి 39కి తగ్గింది. ఇందుకు స్కీలని బండికి పట్టి ఉంచే ఏ-ఆర్మ్‌లు మార్చి, వాటిని తిప్పే టై రాడ్లు సరిచేసి, స్కీలు ముందువైపు పావు అంగుళం తెరుచుకునేట్టు పెట్టాం. బండి పక్కకి వంగకుండా రెండు పక్కల సస్పెన్షన్‌నీ కలిపి ఉంచే ముందు స్వే బార్ పూర్తిగా తీసేశాం. వాలు మీద అడ్డంగా నడపాలంటే బండిని ఒక పక్కకి వంచాలి. స్వే బార్ ఉంటే బండి ఆ వంపుని ఎదిరిస్తూనే ఉంటుంది. ఈ మార్పు విలువ కాగితం మీద కనబడదు, చేతులకి తెలుస్తుంది. అంతకుముందు హ్యాండిల్‌ని రెండు చేతులతో లాగితేగానీ వంగని బండి ఇప్పుడు ఫుట్‌బోర్డ్ మీద బరువు మారిస్తే చాలు, వంగుతోంది.

ఫుట్‌బోర్డులు కూడా పెద్ద రంధ్రాలున్నవి వేశాం. పాతవాటి మీద మంచు గడ్డకట్టి బూటు జారేది. మడమ కింద పేరుకున్న ఐసుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి తియ్యాల్సి వచ్చేది. ఇప్పుడు మంచు కిందికి రాలిపోతోంది.

మళ్ళీ క్లచ్, ఈసారి గేరింగ్ కూడా

పెద్ద ట్రాక్ వేశాక ఆర్‌పీఎం 7,750కి పడిపోయింది. ఇది ముందే అనుకున్నదే. వెయిట్లు ఇంకా తగ్గించి సరిపెట్టొచ్చు, కానీ అలా చేస్తే బెల్ట్ మీద పట్టు తగ్గి జారుతుంది, జారిన బెల్ట్ వేడెక్కుతుంది. అందుకని ముందు చైన్‌కేస్‌లో పై చక్రాన్ని 21 పళ్ళ నుంచి 19కి మార్చాం, కింద చక్రం 41 పళ్ళదే. నిష్పత్తి 1.95 నుంచి 2.16కి వచ్చింది, అంటే ఇంజన్‌కి ట్రాక్‌ని తిప్పడం దాదాపు పదో వంతు సులువైంది. ముల్లు 7,950కి లేచింది. తర్వాత వెయిట్లు 58.5 గ్రాములకి తెచ్చాక 8,100 దగ్గర నిలబడింది. సెకండరీ క్లచ్‌లో గేరు ఎంత తొందరగా మారాలో నిర్ణయించే ఏటవాలు ముక్క, హెలిక్స్, కోణం తక్కువున్నది వేశాం. చెట్ల మధ్య థ్రాటిల్ వదిలి మళ్ళీ పట్టుకుంటే క్లచ్ వెంటనే చిన్న గేరుకి దిగడానికి అది పనికొస్తుంది.

పెద్ద ఎక్కుడు ఎక్కి దిగగానే ఇంజన్ ఆపి, హుడ్ తీసి, సెకండరీ క్లచ్ పలకని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూశాం. వేడి 180 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపే ఉంది. బెల్ట్ పక్కలు అద్దంలా మెరుస్తున్నాయా, నల్లటి పొడి రాలిందా అని కూడా చూసుకోవాలి. రెండూ లేవు.

ఫలితం

చివరి పరీక్షలో, అదే మైదానంలో, అదే తోడు బండి పక్కన, గాడి లోతు 35 సెంటీమీటర్లు వచ్చింది. తోడు బండిది 30. లోతు కంటే ఆకారమే మళ్ళీ నాకు ఎక్కువ నచ్చింది: మొదట్లో దిగి, రెండు బండ్ల పొడవు లోపల పైకి తేలింది. అంతకుముందు నిలిచిపోయిన వాలు దగ్గర ఆగి, మళ్ళీ అక్కడి నుంచే కదిలించినా పైకి పోయింది. లోతు మంచులో నాకు అసలు పరీక్ష అదే. ఊపు మీద ఎక్కడం చాలా బళ్ళకి చేతనవుతుంది, ఆగి ఎక్కడం కొన్నింటికే.

నష్టాలు కూడా ఉన్నాయి. గట్టి ట్రైల్ మీద బండి ఇప్పుడు మెత్తగా, ఊగుతూ పోతుంది, మలుపుల్లో వంగుతుంది. పై వేగం తగ్గింది. ఇంకొకటి ముఖ్యం: స్లైడర్ ప్లాస్టిక్‌ని చల్లబరిచేదీ, హీట్ ఎక్స్‌ఛేంజర్ మీద పడి ఇంజన్‌ని చల్లబరిచేదీ లేచే మంచే. గట్టిపడ్డ ట్రైల్ మీద మంచు లేవదు. అందుకే రైళ్ళకి స్క్రాచర్లు తగిలించాం. పార్కింగ్ నుంచి లోతు మంచు దాకా పోయేటప్పుడు వాటిని కిందికి దించి, మంచుని గీకుతూ పోవాలి. వారంలో ఎక్కువసేపు ట్రైల్ మీదే తిరిగేవాళ్ళకి ఈ మార్పులు నేను చెప్పను.

ఖర్చులో పెద్ద వాటా ట్రాక్, రైళ్ళు, చైన్‌కేస్‌దే. ట్రాక్ ఒక్కటే వెయ్యి డాలర్ల దాకా అయింది. క్లచ్ వెయిట్లు, స్ప్రింగులు వీటి ముందు చిల్లర ఖర్చు. డబ్బు తక్కువున్నవాళ్ళు క్లచ్, లిమిటర్ స్ట్రాప్, స్వే బార్ ఈ మూడూ ముందు చేసుకుని ఒక సీజన్ నడపొచ్చు.

బండి పైకి ఎక్కగలిగాక కుర్రాడికి ఇంకో మాట గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఎవలాంచ్‌లు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. ఇంతకుముందు బండి అక్కడిదాకా చేరేదే కాదు, ఇప్పుడు చేరుతుంది. గాడి అడుగున మేం చూసిన పంచదార మంచే పైపొర పలకలా జారడానికి కారణం కూడా. కొలరాడో ఎవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ రోజూ ఇచ్చే హెచ్చరిక చూడకుండా బయల్దేరొద్దు. మంచు కింద చిక్కుకుంటే ఎక్కడున్నామో సిగ్నల్ ఇచ్చే బీకాన్ ఒంటి మీద, ప్రోబ్, పార బ్యాగులో ఉండాలి. బండికి కట్టిన డబ్బాలో పెడితే బండితో పాటే పోతాయి. వాలు మీద ఒకసారి ఒక్కరే ఉండాలి, మిగతావాళ్ళు పక్కన క్షేమంగా ఉన్నచోట ఇంజన్ ఆపి చూస్తుండాలి. ఫోన్ బీకాన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడైతే 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఈ లెక్క బండి లెక్కలన్నింటి కంటే ముందు నేర్చుకోమని పంపాను. ఎవలాంచ్ కోర్సులో చేరాడు.

ఇంత పని చేశాక మొదటి రైడ్ నుంచి రాగానే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కొత్త ట్రాక్ సాగుతుంది కాబట్టి టెన్షన్, అలైన్‌మెంట్ సరిచెయ్యాలి. చైన్ టెన్షనర్ మళ్ళీ బిగించి, చైన్‌కేస్ ఆయిల్‌లో ఇనప రజను ఉందేమో చూడాలి. టన్నెల్‌కి కొట్టిన రివెట్ల చుట్టూ నల్లటి గీత కనిపిస్తే ఆ రివెట్ కదులుతున్నట్టే, తీసి పెద్దది కొట్టాలి. ఈ బండిలో ఎడమ పక్క రెండు అలా వచ్చాయి, మార్చాం. టర్బో గురించి కుర్రాడు మళ్ళీ అడిగాడు. 2020 మోడల్‌గా వచ్చిన స్కీ-డూ 850 ఈ-టెక్ టర్బో కంపెనీలోనే టర్బోతో తయారైన టూ-స్ట్రోక్, 8,000 అడుగుల వరకు 165 హార్స్‌పవర్ నిలబెట్టుకుంటుంది. అంత బలం మీద మోజు ఉంటే కొన్నాళ్ళాగి అలాంటిదే కొనుక్కోమన్నాను. ఇన్నేళ్ళు తిరిగిన క్రాంక్‌షాఫ్ట్ మీద బయటి టర్బో కిట్ పెట్టే పని నేను తీసుకోను.